పేరు రాయనక్కర్లేదు

నేను పరీక్షల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఈ మాట వినగానే మీలో సగంమందికి నా మీద కోపం వచ్చి ఉంటుంది. పర్వాలేదు, నాకలవాటే. ముప్పైయేళ్లపాటు పిల్లలకు నేనొక కిటికీగానే తెలుసు, మనిషిగా కాదు. ఆ కిటికీలోంచి ఒక కళ్లజోడు కనిపించేది, "రేపు రా" అనే మాట వినిపించేది. అంతే.

మా కాపురం దిల్‌సుఖ్‌నగర్‌లో. కాలేజీ ఎల్బీనగర్ దాటాక నాదర్‌గుల్ వెళ్లే దారిలో. ప్రైవేటు డిగ్రీ కాలేజీ. శిక్షణ విమానాలు నెత్తిమీద తిరుగుతూ ఉండేవి. మా ప్రిన్సిపాల్ గారు ఉపన్యాసం మొదలుపెట్టినప్పుడు ఒక విమానం వస్తే పిల్లలు దాని రెక్కలకు దండం పెట్టేవాళ్లు.

ఆ రోజుల్లో నాకొక పొగరుండేది. చేతిరాత చూసి మనిషిని చెప్పేస్తానని. ఒకసారి అన్న బదులు తమ్ముడొచ్చి పరీక్ష రాస్తే, పేపరులో "ళ" చుట్టిన తీరు చూసి పట్టేశాను. అప్పట్నుంచి స్టాఫ్‌రూములో నన్ను వేలిముద్రల నిపుణురాలిలా చూసేవాళ్లు. ఒక మనిషిని చెడగొట్టడానికి అంతకంటే ఏం కావాలి? రిటైర్మెంటుకు ఇంకో రెండేళ్లున్నాయనగా ఆ పొగరు నన్ను నిలువునా ముంచింది. నాతోపాటు ఇంకో పిల్లవాణ్ణి కూడా.

కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందన్నారు. కమిటీ వస్తోందంటే కాలేజీలో పెళ్లి కళ వస్తుంది. పగిలిన అద్దాలకు క్యాలెండర్లు వేలాడతాయి. లేని క్లబ్బులకు బోర్డులు పుడతాయి. అలా పుట్టిందే మా "కౌన్సెలింగ్ కేంద్రం". బ్యాట్లు, ప్యాడ్లు, గాలిపోయిన ఫుట్‌బాళ్లు ఉండే గది తలుపుకి ఆ బోర్డు కొట్టారు. గది తాళం ఆటల సార్ దగ్గరుండేది కాబట్టి కేంద్రానికి ఆయనే ఇన్‌చార్జి అయ్యారు. పుట్టి పెరిగింది మలక్‌పేట, మంచి మనిషి. మనసుకు సంబంధించి ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే. "గీ పోరగాళ్లకు గ్రౌండ్ల రెండు రౌండ్లు కొట్టిస్తె అన్ని రోగాలు పోతయి మేడం."

ఒక్క బోర్డుతో పని జరగదు కదా, ఫైలు కూడా కావాలి. "సోషల్ మీడియా వాడకం, విద్యార్థుల మానసిక ఆరోగ్యం" మీద ఒక సర్వే చేద్దామని ప్రిన్సిపాల్ గారు నిర్ణయించారు. మొదట ఫోన్లలోనే నింపమన్నారు. పేరు అడగలేదు కదా, ఒక్కొక్కడు పదేసిసార్లు నింపాడు. ఉన్న పిల్లలకంటే వచ్చిన ఫారాలు ఎక్కువయ్యాయి. ఇక లాభం లేదని కాగితాలు అచ్చువేసి, రెండో సంవత్సరం వాళ్ల తెలుగు ఇంటర్నల్ పరీక్ష అయ్యాక, బయటికి పోనివ్వకుండా పది నిమిషాలు కూర్చోబెట్టి నింపించారు. కాగితం నెత్తిన పెద్దక్షరాలతో ఉంది: "పేరు రాయనక్కర్లేదు. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు." ఆ వాక్యం టైపు చేసింది నేనే. గుర్తుంచుకోండి.

కట్టలు నా బల్ల మీదికొచ్చాయి. లెక్కకట్టి కంప్యూటర్లో ఎక్కించాలి. రెండ్రోజులు హాయిగా నవ్వుకున్నాను. "రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తారు?" అంటే ఒకడు "ఇరవై అయిదు" అని రాశాడు. "సోషల్ మీడియా వల్ల మీ నిద్ర చెడుతోందా?" అంటే "లేదు, స్టాటిస్టిక్స్ క్లాసులో మంచిగనే పడుతుంది" అని ఇంకొకరు. "ఫోన్ దగ్గర లేకపోతే ఏమనిపిస్తుంది?" అన్నదానికి "ఎవరి దగ్గరుంది అనిపిస్తుంది" అట. చివరి ప్రశ్న "ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?" దానికింద గడి ఖాళీగా ఉండేది, లేదంటే "క్యాంటీన్ల చట్నీ మార్చండి" అనుండేది.

అలా నవ్వుకుంటూ తిప్పుతుంటే ఒక ఫారం దగ్గర చెయ్యి ఆగింది. పై ప్రశ్నలన్నింటికీ చక్కగా టిక్కులు. అంతా బాగానే ఉంది, అన్నీ బాగున్నాయి. కింది గడిలో మాత్రం సన్నటి అక్షరాలు, తెలుగులో:

"పొద్దుగాల లేస్తె ఎందుకు లేచిన్నా అనిపిస్తది. ఏం చేయబుద్ది అయితలేదు. నవ్వుకుంట ఫొటోలు పెడుతున్న. ఎవరన్న అడుగుతరేమో అని చూస్తున్న. లైకులే కొడుతున్నరు."

చదివి, పక్కన పెట్టి, ఇంకో రెండు ఫారాలు ఎక్కించాను. ఏం ఎక్కించానో తెలియలేదు. మళ్లీ తీసి చదివాను. ఆ కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను.

ఆయన చదివి కళ్లజోడు తుడుచుకున్నారు. "ఇది మన కాలేజీలోనే రాశారా?"

"మరి పక్క కాలేజీవాళ్లు వచ్చి రాసి వెళ్తారా సార్?"

"కమిటీ రేపోమాపో వస్తుంటే ఇదేంటండీ! ఎవరో కనుక్కోండి మేడం గారూ. చేతిరాతలో మిమ్మల్ని మించినవాళ్లు లేరు కదా."

ఆయన పొగిడారు, నేను పొంగాను. పేరు అక్కర్లేదని టైపు చేసిన చేత్తోనే పేరు వెతకడం మొదలుపెట్టాను. పిల్లలకేమన్నా అవుతుందేమోనన్న భయం లేదని కాదు, ఉంది. కానీ ఆ భయం పక్కనే "నేను పట్టేస్తా చూడు" అన్న ఉబలాటం కూడా కూర్చుంది. రెండిట్లో ఏది పెద్దదని ఇప్పుడు అడక్కండి.

ఆ ఫారం బీకాం సెక్షన్ కూర్చున్న గది కట్టలోది. అదే గదివాళ్ల తెలుగు పేపర్లు కూడా నా బీరువాలోనే ఉన్నాయి. ఒక పూటంతా తలుపేసుకుని పక్కపక్కన పెట్టి చూశాను. వడపోసి వడపోసి చివరికి రెండు పేపర్లు మిగిలాయి. "త"కి కొక్కెం, "న"కి పొడుగు తోక, రెండిట్లోనూ ఒకేలా.

ఒకటి ఒక అమ్మాయిది. ఆ అమ్మాయిని కాలేజీలో గోడక్కూడా తెలుసు. సైదాబాద్ పిల్ల. ఫంక్షనేదైనా మైకు తనదే. పిల్లలు నడిపే కాలేజీ పేజీలో రీల్స్ తనవే. హాల్‌టికెట్ కోసం వచ్చినా నా కిటికీ ముందు ఫోటో దిగి నవ్వుతూ పోయేది. రెండోది ఒక అబ్బాయిది. నల్గొండ దగ్గర పల్లెటూరు, దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్. చివరి బెంచీ. ఎవరితోనూ మాట్లాడడు. ఎప్పుడు చూసినా కళ్లు ఎర్రగా, తల వేలాడేసుకుని.

ఈ నవ్వుల పిల్లకేం బాధ అని అమ్మాయి పేపరు పక్కన పెట్టేశాను. నిజం చెప్పాలంటే, చేతిరాత నిపుణురాలు ఆ రోజు చేతిరాత చూడలేదు. మొహాలు చూసింది.

ఆ కుర్రాణ్ణి నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా పిలుచుకురమ్మని మా అటెండర్‌ని పంపాను. అటెండర్ యాభై దాటిన పెద్దమనిషి. దయగలవాడు. గొంతు మాత్రం పళ్ల మార్కెట్లో వేలంపాటకు పుట్టింది. క్లాసు గుమ్మంలో నిలబడి, "సార్, గా ఎనక కూసున్న పిలగాన్ని పంపుర్రి. జర మనసు బాలేదని ఫారంల రాసిండంట. కౌన్సిలింగ్ జేస్తరంట!" అన్నాడు. అరవైమంది వెనక్కి తిరిగి చూశారు.

కౌన్సెలింగ్ కేంద్రంలో ఆ అబ్బాయిని క్రికెట్ కిట్టు మీద కూర్చోబెట్టాం. ఒకవైపు నేను, ఒకవైపు ఆటల సార్.

"బాబూ, ఏదైనా ఉంటే చెప్పు. మేమున్నాం," అన్నాను.

"ఏం లేదు మేడం."

"అలాగే అంటారు బాబూ అందరూ. పొద్దున లేవబుద్ధి కావట్లేదా?"

"లేస్త మేడం. నాలుగు గంటలకు లేస్త."

నేనూ ఆటల సార్ మొహమొహాలు చూసుకున్నాం. నిద్ర పట్టకపోవడం మొదటి లక్షణమని ఆయన ఫోన్లో చదివారు. ఇద్దరం తలలూపాం.

"చూడు తమ్మీ, మనసు బరువైతే శరీరాన్ని ఉరికియ్యాలె. రేపట్నుంచి పొద్దున రెండు రౌండ్లు ఉరుకు," అన్నారు ఆటల సార్.

ఆ అబ్బాయి ఆయన వంక జాలిగా చూశాడు. "సార్, నేను కానిస్టేబుల్ సెలక్షన్‌కు తయారైతున్న. రోజు సరూర్‌నగర్ స్టేడియంల పన్నెండు రౌండ్లు ఉరుకుత. గందుకే క్లాసుల నిద్రొస్తది. మీరు చూసి పరేషాన్ అనుకున్నది నిద్ర సార్. నా దగ్గర డబ్బా ఫోనే ఉన్నది. ఉద్యోగమొచ్చేదాంక పెద్ద ఫోన్ ముట్టొద్దని కోచింగ్ సార్ చెప్పిండు. గీ ఫొటోలు పెట్టుడు, గవన్ని నాకు రావు."

ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? అయినా నేను నమ్మలేదు. దాచుకుంటున్నాడనుకున్నాను. నా "త" కొక్కెం తప్పెలా అవుతుంది? ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి "అతనేనండీ, కాకపోతే ఒప్పుకోవడం లేదు" అని చెప్పాను. ప్రిన్సిపాల్ గారు బాధ్యతగా ఆ అబ్బాయి ఇంటికి ఫోన్ చేయించారు. చేసింది మళ్లీ మా అటెండరే.

మర్నాడు మధ్యాహ్నానికల్లా ఆ అబ్బాయి అమ్మానాన్నలు రెండు బస్సులు మారి వచ్చారు. పొలంలోంచి లేచి వచ్చినట్టున్నారు, తండ్రి పంచె అంచుకు మట్టి ఆరలేదు. తల్లి గేటు దగ్గర్నుంచే ఏడుస్తోంది. కొడుకు కనబడగానే మొహం, చేతులు తడిమి చూసింది. "ఏమైందిరా కొడుకా? మేమేమన్న అన్నమా? సదువు ఒద్దంటె ఒద్దు, ఇంటికి పోదం పా."

"నాకేం కాలేదే అమ్మా," అని ఆ అబ్బాయి. తండ్రి మాత్రం నా వంక చూస్తూ చేతులు జోడించి నిలబడ్డాడు. నాకు! అప్పుడైనా ఆగి ఆలోచించానా అంటే, లేదు. మంచిపని చేసినప్పుడు ఇలాంటివి తప్పవని సర్దిచెప్పుకున్నాను.

ఆ సాయంత్రమే పిల్లల పేజీలో ఒక ఫోటో పడింది. క్లాసులో బెంచీ మీద తల వాల్చి నోరు తెరిచి నిద్రపోతున్న ఆ అబ్బాయి. కింద రాత: "డ్యూటీలో ఉన్న డిప్రెషన్ కానిస్టేబుల్." రెండ్రోజుల్లో అది పక్క కాలేజీలకు కూడా పాకింది. డబ్బా ఫోను వాడే మనిషి కదా, మొదటిరోజు అతనికి తెలియనే తెలియదు. హాస్టల్లో గదిలోవాళ్లు తమ ఫోన్లో చూపించారట. మూడోరోజు నుంచి కాలేజీకి రావడం మానేశాడు.

సోషల్ మీడియా వల్ల పిల్లల మనసు ఎలా ఉంటోందో తెలుసుకుందామని బయల్దేరిన సర్వే, బాగున్న ఒక్క పిల్లవాణ్ణీ పాడుచేసి వదిలింది. మా కాలేజీ చేసిన పరిశోధనల్లో అసలైన ఫలితం వచ్చింది ఇదొక్కటేనేమో.

నాలుగోరోజు లంచ్ అవర్లో కిటికీ దగ్గరికి ఆ రీల్స్ అమ్మాయి వచ్చింది. నేను అలవాటుగా "రేపు రా" అన్నాను.

"మార్కుల మెమో కోసం కాదు మేడం."

తలెత్తి చూశాను. నవ్వు లేదు. ఆ మొహాన్ని నవ్వు లేకుండా చూడటం అదే మొదటిసారి. వేరే మనిషిలా ఉంది.

"గా ఫారం నాది మేడం. గా పిలగానిది కాదు."

నేను పక్కన పెట్టేసిన ఆ పేపరు గుర్తొచ్చింది.

"పేరు రాయనక్కర్లేదని మీరే రాసిన్రు. ఎవ్వరికి తెల్వదన్నరు. మరెందుకు దేవులాడిన్రు మేడం?" గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"నువ్వే రాశావు కదమ్మా," అన్నాను, తప్పించుకునే దారి వెతుక్కుంటూ. "ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నానని."

"అడగమన్న మేడం. పట్టుకొమ్మనలె."

ముప్పైయేళ్ల సర్వీసులో నాకు మెమోలు వచ్చాయి, మొట్టికాయలు పడ్డాయి. అంత చిన్న వాక్యంతో నన్నెవరూ కూలదోయలేదు. లేచి కిటికీ మూసేశాను. లంచ్ అవర్ అయినా కిటికీ మూయకూడదని మా కాలేజీలో రూలు. బయట క్యూలో ఉన్నవాళ్లు తలుపు బాదారు. బాదనీ. పక్క తలుపు తీసి ఆ అమ్మాయిని లోపలికి రమ్మన్నాను. ఆన్సర్ షీట్ల కట్టల మధ్య స్టూలు మీద కూర్చుంది.

"తప్పు చేశాను," అన్నాను. "అతని విషయంలోనూ, నీ విషయంలోనూ. అతని దగ్గరికి వెళ్తాను. ముందు నువ్వు చెప్పు. ఆలస్యంగానే అడుగుతున్నా. ఎలా ఉన్నావమ్మా?"

ఆ పిల్ల ముందు నవ్వింది, పాపం అలవాటు కొద్దీ. "మంచిగనే..." అని, అక్కడే ఆగిపోయింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. నాకు ఓదార్చడం రాదు. పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు కట్టే దారం వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాను. ఎందుకో మాట్లాడలేదు. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అది.

"కారణం ఏమన్న ఉంటె చెప్పుకుందు మేడం," అంది చివరికి. "ఇంట్ల ఏం లేదు. ఎవ్వరు ఏమనలె. ఊకెనే గిట్లైతది. గదే పరేషాన్. ఒక్కరోజు రీల్ పెట్టకపోతె మెసేజులొస్తయి, రీల్ ఏది, రీల్ ఏది అని. నువ్వెట్లున్నవని ఎవ్వరు అడగరు."

మళ్లీ తనే, "గా పిలగాని ఫొటో నేను పెట్టలె. కని పేజీ పాస్‌వర్డ్ ముగ్గురికే తెలుసు, అండ్ల నేనొకదాన్ని. తీసెయ్యొచ్చు. తీయలె. నంబర్ పెరుగుతుంటె చూసుకుంట కూసున్న. నా రీల్స్‌కు ఎప్పుడు గన్ని రాలె మేడం. నా బాధకు వాడు తిట్లు తింటుండు, నేనేమో లెక్కవెడుతున్న," అంది.

నా ముందే ఫోను తీసి ఆ ఫోటో తీసేసింది. దాని చోట రెండు లైన్లు టైపు చేసింది. ఫోను నా వైపు తిప్పింది. "పెట్టాల్నా మేడం?" అంది.

"అది నీ ఇష్టమమ్మా. పెట్టకపోయినా నేనేమీ అనను. ఇప్పటికే ఒకరి విషయం బజారున పెట్టాను."

పెట్టింది. "ఆ ఫారం రాసింది వాడు కాదు, నేను. వాడు పోలీస్ ఉద్యోగానికి ఉరుకుతుండు, గందుకే పండుకుంటుండు." కింద తన పేరు.

దానికేదో అద్భుతం జరిగిందని మీరనుకుంటారేమో. సగంమంది అది జోకనుకుని పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. ఒకడు "నెక్స్ట్ రీల్ ఎప్పుడు?" అని అడిగాడు. ఒకమ్మాయి మాత్రం లంచ్ మధ్యలో లేచొచ్చి పరీక్షల విభాగం తలుపు కొట్టి, ఈ పిల్ల పక్కన నేల మీద కూర్చుంది. టిఫిన్ డబ్బా మూత తీసి ఇద్దరి మధ్య పెట్టింది.

మర్నాడు తెల్లవారుజామున స్టేడియానికి వెళ్లాను. చలి, చేతిలో గొడుగు. గొడుగెందుకో అడక్కండి, భయమేస్తే ఏదో ఒకటి పట్టుకుంటాం. ఆ అబ్బాయి ఉరుకుతున్నాడు. నన్ను చూసి కూడా ఆగలేదు. రౌండ్లు పూర్తయ్యేదాకా మెట్ల మీద కూర్చున్నాను. చెమటలు కారుతూ వచ్చి నిలబడ్డాడు.

"తప్పు నాది బాబూ. నిన్ను తప్పుగా పట్టుకున్నాను."

"తెలిసింది మేడం. హాస్టల్ల చూపించిన్రు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఒక్కటి అడుగుత. రేపు సెలక్షన్‌ల గిది చూసి వీనికి మనసు మంచిగ లేదని తీసేస్తరా? మూడేండ్ల సంది ఉరుకుతున్న మేడం."

తీసెయ్యరనే అనుకుంటున్నానన్నాను. మా ఫైల్లో అతని పేరు ఎక్కడా లేదని, ఎక్కనివ్వనని చెప్పాను. దాన్నైతే నిలబెట్టుకున్నాను.

"నాకేం కాదు మేడం. నేను నవ్వి తీసేస్త. మా అమ్మనే నవ్వుతలేదు. రోజుకు నాలుగుసార్లు ఫోన్ జేస్తుంది, కొడుకా మంచిగున్నవా, కొడుకా మంచిగున్నవా అని. మంచిగున్నంటె నమ్ముతలేదు. మీరే చెప్పుర్రి."

అక్కడే, ఆ మెట్ల మీద నుంచే, అతని డబ్బా ఫోనులోంచి వాళ్లమ్మతో మాట్లాడాను. "తప్పు నాదమ్మా, మీ అబ్బాయి బంగారం," అన్నాను. ఆవిడ అంతా విని, "ఏమో మేడం, మీరు పెద్దోళ్లు. ఆనాడు గట్లంటిరి, ఇయ్యాల గిట్లంటున్నరు," అంది. న్యాయమే. వారం తర్వాత ఆ అబ్బాయి మళ్లీ క్లాసుకొచ్చాడు. చివరి బెంచీ మీద నిద్రపోతుంటే ఈసారి ఎవరూ ఫోటో తీయలేదు. లెక్చరర్లు పాఠం గొంతు తగ్గించి చెప్పారని అటెండర్ అన్నాడు. అది నేను నమ్మను.

ఇక ఆ అమ్మాయి. వాళ్లమ్మ సైదాబాద్‌లో ఇంట్లోనే బట్టలు కుడుతుంది. తనే చెప్పుకుంటానంది, పక్కన నన్ను కూర్చోమంది. కూతురు చెబుతుంటే ఆవిడ కుట్టుమిషన్ చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి విన్నది. "గింతగనం నవ్వుతవు గదనే బిడ్డా," అన్నది ఒక్కటే మాట. అని, మిషన్ మీద గుడ్డ కప్పేసి, చెప్పులేసుకుంది. "ఏ దవాఖానకు పోవాల్నో చెప్పుర్రి మేడం. పోదం."

ముగ్గురం చైతన్యపురిలో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాం. కుర్చీలో కూర్చోగానే ఆ అమ్మాయి చున్నీ మొహానికి చుట్టుకుంది. ఎవరైనా చూస్తారని భయం. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని వచ్చిందెవరనుకున్నారు? మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఆవిడ. మా గుంటూరు వైపు మనిషే. ఏదైనా రహస్యం ఆవిడకు చెబితే లిఫ్టుకంటే ముందు పైకి చేరుతుంది.

"వదినగారూ! మీరేంటి ఇక్కడ?" అంది, కళ్లు ఆ అమ్మాయి మీద పెట్టి.

"నాకేనండీ. ఈమధ్య ఏడుపొస్తోంది ఊరికే. వీళ్లు మా కాలేజీ వాళ్లు, పాపం తోడొచ్చారు," అన్నాను. "మీరేంటి?"

"మా ఆయనకు గ్యాస్ ట్రబులండీ," అంది, మనసు డాక్టరు బోర్డు కింద నిలబడి.

చున్నీలోంచి ఒక చప్పుడొచ్చింది. ఆ అమ్మాయి నవ్వు. కెమెరా కోసం కాకుండా ఆ పిల్ల నవ్వడం నేను వినడం అదే మొదలు.

నేను ఇల్లు చేరేసరికే వార్త చేరింది. మా ఆయన తలుపు తీస్తూనే, "నాకు చెప్పకుండా ఎప్పుడొచ్చిందే ఇది నీకు?" అన్నారు. నెలరోజులు అపార్ట్‌మెంట్‌లో అందరూ నాతో తల ఒకపక్కకు వంచి మాట్లాడారు. ఫోనుకు సూర్యోదయం ఫోటోలు, ధైర్యవచనాలు వచ్చాయి. కూరలబండి దగ్గర నేను గట్టిగా బేరమాడితే, "పాపం, వదిలెయ్యి" అని ఎవరో బండివాడితో అనడం విన్నాను. బాగున్న మనిషికి బాగోలేదని పేరు పెడితే ఎలా ఉంటుందో, ఆ కుర్రాడికి నేనేం అంటగట్టానో, అప్పుడు కడుపునిండా తెలిసింది. కాదని ఎవరికీ చెప్పలేదు. ఆ మాత్రం నాకు పడాల్సిందే.

కమిటీ వచ్చింది. కౌన్సెలింగ్ కేంద్రంలో బ్యాట్లు తీసేసి పూలకుండీలు పెట్టారు. సర్వే ఫైలు చూసిన పెద్దాయన అట్ట బాగుందన్నారు, జీడిపప్పు తిన్నారు. మా కాలేజీకి ఆ ఫైలు మీదే ప్రత్యేక ప్రశంస వచ్చింది. ప్రిన్సిపాల్ గారు నాకు శాలువా కప్పబోతే, పరీక్షల పని ఉందని వచ్చేశాను. ఫారాలన్నీ ఆ సాయంత్రమే చింపించేశాను. ఆ ఒక్కటి మాత్రం ఎవరిదో వాళ్లకిచ్చేశాను.

ఆ అమ్మాయి మందులు వాడింది, డాక్టరుతో మాట్లాడింది, మధ్యలో ఒకసారి మానేసి మళ్లీ మొదలుపెట్టింది. రీల్స్ మానేయలేదు. మానేస్తుందని నేనూ అనుకోలేదు. డిగ్రీ అయ్యాక ఎల్బీనగర్‌లో ఒక ఆఫీసులో చేరింది. ఆ అబ్బాయి మొదటిసారి సెలక్షన్ పోగొట్టుకున్నాడు, మా వల్ల కాదు, లాంగ్ జంప్‌లో. రెండోసారికి మళ్లీ ఉరుకుతున్నాడు.

ఈ సంక్రాంతికి ముందు ఒక మధ్యాహ్నం, నేను చింతకాయ తొక్కు పెడుతుంటే, ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నావమ్మా?"

అటు నుంచి మెట్రో వచ్చిపోయిన చప్పుడు. తర్వాత, నవ్వకుండా, తడుముకోకుండా అంది: "ఇయ్యాల అస్సలు బాలేదు మేడం."

చెబితే నమ్మరు, ఆ మాట విని నా ప్రాణం లేచొచ్చింది. చేతులు కడుక్కుంటూ అన్నాను, "ఎక్కడున్నావో చెప్పు. వస్తున్నా."